పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ రోజూ తిప్పాలంటే: బుష్‌ల దగ్గర మొదలుపెట్టిన నా అనుభవం

స్పోర్ట్స్ సెడాన్ సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నామంటే చాలు, అందరూ ఇంజిన్ గురించి, గేర్‌బాక్స్ గురించే భయపెడతారు. ఆ భయం ఉత్తిదని అనను. కానీ ఏడెనిమిదేళ్ల బండిలో రోజూ విసిగించేది అవి రెండూ కావు. ఎండకి గట్టిపడి, గుంతల్లో నలిగి, బయటికి కనపడకుండా చిరిగిపోయిన రబ్బరు. "ఇది మరీ గట్టిగా ఉంది, మన రోడ్లకి పనికిరాదు" అని వదిలించుకునే బండ్లలో చాలావాటికి జబ్బు స్ప్రింగుల్లో ఉండదు, బుష్‌లలో (సస్పెన్షన్ కీళ్లలో కూర్చునే రబ్బరు దిండ్లలో), టైర్లలో ఉంటుంది. నా బండిని రోజువారీ బండిగా మార్చుకోవడానికి ఏం చేశానో, ఏ వరసలో చేశానో, ఎక్కడ పొరపాటు జరిగిందో రాస్తున్నాను.

బండి 2018లో రిజిస్టరైన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230. చేతికి వచ్చేటప్పటికి 61 వేల కిలోమీటర్లు తిరిగింది. పని రోజుల్లో మియాపూర్ నుంచి గచ్చిబౌలి, అప్పుడప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్), నెలకోసారి విజయవాడ.

ఈ మోడల్ 2017లో 24.62 లక్షల ఎక్స్-షోరూం ధరతో వచ్చింది. 2.0 లీటర్ల టర్బో పెట్రోల్, 230 పీఎస్, 350 ఎన్‌ఎం టార్క్. ఆ టార్క్ 1,500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో ఇంజిన్‌ని ఏడిపించాల్సిన పని లేదు. 2020లో వచ్చిన ఆర్‌ఎస్ 245 పూర్తిగా దిగుమతి బండి. 35.99 లక్షలు, మొత్తం 200 మాత్రమే. అందుకే అమ్మకానికి దొరికేది ఎక్కువగా 230యే. 1.8 టీఎస్‌ఐ ఆక్టేవియా కూడా చూశాను. హాయిగా నడుస్తుంది, కానీ దానిది 7 గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), డీక్యూ200 రకం. ఆర్‌ఎస్ 230ది 6 గేర్ల తడి క్లచ్, డీక్యూ250. క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి జామ్‌లో పుట్టే వేడిని ఆ ఆయిల్ లాగేసుకుంటుంది. మన ఊరి ట్రాఫిక్‌లో రోజూ తిప్పే బండికి నా ఓటు తడి క్లచ్‌కే. బదులుగా ఆయిల్ టైముకి మార్చాలి, అంతే.

కొనే ముందు చూసినవి

కాగితాల సంగతి అందరికీ తెలిసిందే: ఆర్‌సీ, హైపోథికేషన్ ఉంటే ఫారం 35, పెండింగ్ చలానాలు, వేరే రాష్ట్రం బండయితే ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్. ఆ లైఫ్ ట్యాక్స్ లెక్క వేసుకోకుండా బెంగళూరు బండి చవకని పరిగెత్తకండి.

బండిని చల్లగా ఉన్నప్పుడే చూడాలి. "సార్, స్టార్ట్ చేసి రెడీగా పెట్టాం" అన్నారంటే మర్నాడు పొద్దున మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోవడమే మంచిది. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని నిర్ధారించుకున్నాకే తాళం తిప్పాలి. చల్లటి స్టార్ట్‌లో రెండు మూడు సెకన్లకు మించి గొలుసు గలగల వినిపిస్తే ఆలోచించాల్సిందే. ఈ ఈఏ888 మూడో తరం ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ ఉండదు, చైన్ ఉంటుంది. పాత తరాల్లో పేరు పోగొట్టుకున్న టెన్షనర్‌ని ఇందులో మార్చారు. అయినా ఆయిల్ సరిగ్గా మార్చని బండిలో ఏ చైనూ ఎక్కువకాలం బాగుండదు.

తరవాత కూలెంట్. ఈ ఇంజిన్‌లో థర్మోస్టాట్, వాటర్ పంపు కలిసి ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, గేర్‌బాక్స్ వైపు కూర్చుని ఉంటాయి. వేడికి చల్లదనానికి ఆ ప్లాస్టిక్ కాస్త వంగి సీలు దగ్గర చెమ్మ మొదలవుతుంది. నేలమీద చుక్క పడదు, వేడి ఇంజిన్ మీదే ఆరిపోతుంది. అందుకే టార్చి వేసి గేర్‌బాక్స్ ఇంజిన్‌ని కలిసే చోట గులాబీ రంగు పొక్కు కట్టిందేమో చూడాలి. కూలెంట్ ట్యాంకులో లెవెల్ "మిన్" గీత కిందికి ఉండి, అమ్మేవాళ్లు "ఈ మధ్య పోయలేదు సార్" అంటే అది ఎక్కడికో పోతున్నట్టే. ట్యాంకులో ఆకుపచ్చ కూలెంట్ కనిపించినా అనుమానించాలి. వేరే రకం కలిపితే లోపల జిగురులా గడ్డ కట్టే ప్రమాదం ఉంది, అప్పుడు హీటర్ కోర్ దాకా కడగాల్సి వస్తుంది.

బండి కింద చూడాల్సింది సంపు, అంటే ఇంజిన్ ఆయిల్ నిలిచే అడుగు గిన్నె. మూడో తరం ఈఏ888 బండ్లలో చాలావాటికి ఆయిల్ సంపు కింది భాగం ప్లాస్టిక్. దానికి అడ్డంగా ఉన్న కింది షీల్డ్ విరిగి, కేబుల్ టైలతో కట్టి ఉంటే బండి ఏదో స్పీడ్ బ్రేకర్ మీద కూర్చుందని అర్థం. షీల్డ్ విప్పించి సంపు మూలల్లో బీటలు, ఎం-సీల్ మరకలు చూడాలి. డ్రెయిన్ ప్లగ్ కూడా పావు మలుపు తిరిగే ప్లాస్టిక్ రకమే. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. దాని మీద పానా పెట్టి బిగించిన గాట్లుంటే ఆ షెడ్డులో ఈ ఇంజిన్ గురించి తెలిసినవాళ్లు లేరన్నమాట.

ఆఖరుగా స్కానర్. వీసీడీఎస్‌తోనో (ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్ల స్కానింగ్ సాఫ్ట్‌వేర్), మంచి ఓబీడీ పరికరంతోనో మొత్తం కంట్రోల్ యూనిట్లన్నీ స్కాన్ చేయించాలి. ఇంజిన్ ఒక్కదాన్నే చూసి వదిలెయ్యకూడదు. కోడ్‌లన్నీ నిన్ననే చెరిపేసినట్టు ఖాళీగా ఉంటే అది కూడా ఒక సమాచారమే. స్టేజ్ 1 మ్యాప్ చేసి (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచి) అమ్మే ముందు మళ్లీ కంపెనీ సెట్టింగ్‌కి తెచ్చారేమో అడగాలి. ఈ బండ్లు కొనేవాళ్లు ఊరికే ఉండరు కదా. మ్యాప్ చేయడం మహాపాపమేమీ కాదు, కానీ ఆ టార్క్‌ని ఎన్నాళ్లు ఏ ఆయిల్‌తో మోశాయో క్లచ్‌లని అడిగితే చెప్పవు.

టెస్ట్ డ్రైవ్‌కి పదిహేను కిలోమీటర్లు తక్కువ కాకుండా నడపాలి. గేర్‌బాక్స్ వేడెక్కాకే దాని అసలు బుద్ధి బయటపడుతుంది. రివర్స్ వేసి బ్రేక్ వదిలితే ఒక్క క్షణంలో మెత్తగా కదలాలి. 1 నుంచి 2కి, 2 నుంచి 1కి కుదుపు రాకూడదు. ఆపాక న్యూట్రల్‌లో ఇంజిన్ కట్టేసే క్షణంలో డబ్బాలో రాళ్లు కదిపినట్టు శబ్దం వస్తే ఫ్లైవీల్ అరుగుతోందని లెక్క.

ముందు ద్రవాలు

బండి ఇంటికొచ్చిన వారంలోనే అన్నీ మార్చేశాను. ఇంజిన్ ఆయిల్ దాదాపు 5.7 లీటర్లు, వీడబ్ల్యూ 502 00 ప్రమాణం ఉన్న 5డబ్ల్యూ-40. కంపెనీ చెప్పే 15,000 కిలోమీటర్ల దాకా నేను ఆగను. 7,500కే మారుస్తున్నాను. ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్, 60 వేలు దాటింది కాబట్టి నాలుగు స్పార్క్ ప్లగ్గులు. బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 4, రెండేళ్లకోసారి.

డీఎస్‌జీ ఆయిల్ దగ్గర కాస్త ఆగాలి. డీక్యూ250కి 60 వేలకోసారి ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాలి. డ్రెయిన్ ప్లగ్ విప్పితే కొంచెం ఆయిల్ కారి ఆగిపోతుంది. అంతేనని ప్లగ్ మళ్లీ బిగించే మహానుభావులున్నారు. ఆ రంధ్రం లోపలే ప్లాస్టిక్ గొట్టం ఒకటి నిలబడి ఉంటుంది. 8 ఎంఎం అలెన్‌తో దాన్ని కూడా విప్పితేనే అసలు ఆయిల్ దిగుతుంది, అయిదు లీటర్ల పైన. మళ్లీ గొట్టం బిగించి, కొత్త ఆయిల్ నింపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, అన్ని గేర్లూ వేసి, గేర్‌బాక్స్ ఆయిల్ వేడి స్కానర్‌లో 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ప్లగ్ తీసి చూడాలి. గొట్టం పైనుంచి సన్నగా చుక్కలు కారితే లెవెల్ సరిపోయింది. కారకపోతే తక్కువ. ధార కడితే ఆగేదాకా వదిలెయ్యాలి. వేడి చూడకుండా "తీసినంతే పోస్తే చాలు" లెక్కన చేస్తే వందల మిల్లీలీటర్ల తేడా వస్తుంది. పాత ఆయిల్ కొలిచి చూస్తే ఎవరో అప్పటికే తక్కువ పోసి వదిలేసి ఉండొచ్చు కూడా.

ఇక కింది భాగం

నా బండిలో లక్షణాలు మూడు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమ ముందువైపు నుంచి టక్కున ఒక దెబ్బ. 80 స్పీడులో గట్టిగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి నెమ్మదిగా తూగడం. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద జాయింట్లు దాటుతుంటే వెనకవైపు ప్రతి జాయింటుకీ నడుంలోకి కొట్టినట్టు గుద్దుడు. చూపించిన మొదటి షెడ్డులో మెకానిక్ బండి చుట్టూ ఒక రౌండేసి, "సార్, ఇవి స్పోర్ట్ బండ్లు, గిట్లనే ఉంటయ్. షాకప్‌లు మార్చి పడేస్తే అయిపోతది" అన్నాడు. నాలుగు షాక్ అబ్జార్బర్లకి లక్ష దాకా. నమ్మి ఉంటే లక్షా పోయేది, శబ్దమూ ఉండేది.

వరస ఇలా పెట్టుకోవాలని నా అభిప్రాయం: మొదట టైర్లు, తరవాత రబ్బరు, ఆ తరవాతే షాక్ అబ్జార్బర్లు. స్ప్రింగుల మీద చెయ్యే వెయ్యకూడదు.

ఆర్‌ఎస్‌కి వచ్చే టైరు 225/40 ఆర్18. పక్క గోడ ఎత్తు 90 మిల్లీమీటర్లే. నా బండికి వచ్చిన టైర్లు లోతుగా బాగానే ఉన్నాయి కానీ డాట్ నంబరు చివరి నాలుగంకెలు 2417, అంటే 2017లో 24వ వారం తయారీ. గోరు గుచ్చితే దిగని రబ్బరు. గాలి నాలుగింట్లోనూ 38 పీఎస్‌ఐ ఉంది, ఎవరో మైలేజ్ కోసం పట్టించారు. ఫ్యుయల్ మూత లోపల స్టిక్కర్ మీద ఉన్న లెక్క ప్రకారం చల్లటి టైర్లలో సరిచేసేసరికే సగం గుద్దుడు తగ్గింది. ఖర్చు పది రూపాయలు.

తరవాత 17 అంగుళాల రిమ్ములకి మారాను, 225/45 ఆర్17. చుట్టుకొలతలో తేడా అరశాతం కంటే తక్కువ కాబట్టి స్పీడోమీటర్ మోసం చెయ్యదు. పక్క గోడ మాత్రం 101 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ పదకొండు మిల్లీమీటర్లే గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య నిలబడేవి. రిమ్ముకి పీసీడీ (బోల్టు రంధ్రాల లెక్క, వాటి వలయం వ్యాసం) 5×112, సెంటర్ బోర్ (నడిమి రంధ్రం) 57.1 ఉండాలి. బ్రేక్ క్యాలిపర్ పెద్దది, 17 అంగుళాల రిమ్ములన్నీ దాన్ని దాటవు. టైరు ఎక్కించక ముందు ఖాళీ రిమ్మునే బండికి పెట్టి చేత్తో తిప్పి చూడాలి. బోల్టులు 120 ఎన్‌ఎం, టార్క్ రెంచ్‌తోనే. రోడ్డు పక్క గాలి గన్నుతో బిగించిన బోల్టుని రాత్రిపూట స్టెప్నీ మార్చేటప్పుడు విప్పి చూడండి, తెలుస్తుంది.

ఇప్పుడు బుష్‌లు. ముందు సస్పెన్షన్ మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే కాడ. ప్రతి వైపూ ఒక లోయర్ ఆర్మ్, దానికి ముందు చిన్న బుష్, వెనక పెద్ద బుష్, చివర మూడు నట్లతో బిగించిన బాల్ జాయింట్. బ్రేక్ వేసినప్పుడు చక్రం వెనక్కి నెట్టబడకుండా ఆపేది ఆ వెనక పెద్ద బుష్. స్టీరింగ్ తూగుడికి మొదటి అనుమానం దాని మీదే. బండి లిఫ్ట్ మీద వేలాడుతున్నప్పుడు పైకి చూస్తే బాగానే కనిపిస్తుంది. పొడవాటి పట్టెతో ఆర్మ్‌ని ముందుకీ వెనక్కీ గుంజితేనే చిరుగు నోరు తెరుస్తుంది. నా బండి ఎడమ బుష్‌లో స్క్రూడ్రైవర్ మొన అరంగుళం లోపలికి దిగిపోయింది. కుడిది ఇంకా పూర్తిగా తెగలేదు కానీ గీతలు పడింది. ఒక వైపే మార్చడం దండగ, రెండూ మార్చాలి.

బుష్ విడిగా దొరుకుతుంది. ప్రెస్‌లో నొక్కి ఎక్కించాలి. అందులో కావాలని వదిలిన ఖాళీలుంటాయి. పాతది ఏ దిశలో ఉందో పెయింట్ గీత పెట్టుకుని కొత్తది అదే దిశలో నొక్కాలి. తిప్పి నొక్కితే మెత్తగా ఉండాల్సిన వైపు గట్టిగా, గట్టిగా ఉండాల్సిన వైపు మెత్తగా అవుతుంది. ప్రెస్ మీద నమ్మకం లేక నేను ఆర్మ్‌తో సహా తీసుకున్నాను, లెమ్‌ఫోర్డర్‌వి రెండు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు వాళ్ల ఎంక్యూబీ వేదిక మీద కట్టిన బండి కాబట్టి గోల్ఫ్, ఆడి ఏ3, సూపర్బ్‌లతో పంచుకునే భాగాలు చాలా ఉంటాయి. నంబరు 5క్యూ0తో మొదలైతే అది అలాంటి భాగమని గుర్తు. స్కోడా కౌంటర్‌లో లేకపోతే ఆడి, ఫోక్స్‌వ్యాగన్ భాగాలు అమ్మేవాళ్ల దగ్గర అదే నంబరు అడగండి. పాలీయురెథేన్ బుష్‌లు వెయ్యమని సలహాలొచ్చాయి. రోజూ తిప్పే బండికి వద్దు. అవి చిరగవు సరే, రోడ్డు మీది ప్రతి గరుకునీ స్టీరింగ్‌లోకి తెచ్చి పడేస్తాయి.

టక్కుమనే శబ్దానికి అసలు కారణం వేరు. దాన్ని పట్టుకోవడానికి ఉపాయం: స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి వాలకుండా రెండు వైపులనీ కలిపే కడ్డీ) లింక్ రాడ్లు రెండూ విప్పి, బార్‌ని కేబుల్ టైతో పక్కకి కట్టి, అదే స్పీడ్ బ్రేకర్ మీద 10 స్పీడులో దింపాలి. శబ్దం పోతే లింక్ రాడ్డో, బార్ బుష్షో. పోకపోతే స్ట్రట్ మౌంట్, బాల్ జాయింట్, లేదా సబ్‌ఫ్రేమ్ బోల్టులు. నాకు సగం పోయింది. అంటే దోషులు ఇద్దరు. లింక్ రాడ్ బాల్ వదులైంది ఒకటి. రెండోది స్ట్రట్ పైన ఉండే మౌంట్, దాని బేరింగ్. బండి నిలబెట్టి, ఒకరు స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతుంటే, ఇంకొకరు స్ప్రింగ్ మీద చెయ్యి వేసి ఉంచాలి. స్ప్రింగ్ నెమ్మదిగా తిరగాలి. నాదాంట్లో పట్టేసి పట్టేసి "టంగ్" మని వదిలేది, ఆ అదురు చేతికి తగిలేది.

స్ట్రట్ కిందికి దింపేటప్పుడు జరిగే తప్పు ఇది. స్ట్రట్ గొట్టం కింది కొస నకిల్‌లోని (చక్రం హబ్‌ని పట్టి ఉంచే భాగంలోని) పట్టులో ఇరుక్కుని ఉంటుంది. ఆ పట్టుని కాస్త విప్పార్చడానికి కోడిగుడ్డు ఆకారపు స్ప్రెడర్ బిట్ ఒకటుంది, చీలికలో పెట్టి 90 డిగ్రీలు తిప్పితే చాలు. అది లేని షెడ్డులో ఉలి పెట్టి సుత్తితో కొడతారు. పట్టు సాగిపోతే తరవాత బోల్టు ఎంత బిగించినా స్ట్రట్ గట్టిగా కూర్చోదు, నకిల్ మొత్తం మార్చాల్సిందే. ఆ బిట్ విలువ కొన్ని వందలు. నేను కొనుక్కుని డిక్కీలో వేసుకుని వెళ్లాను.

షాక్ అబ్జార్బర్లు కొనేముందు ఒక కొలత తప్పనిసరి. ఎంక్యూబీ బండ్లలో ముందు స్ట్రట్ గొట్టం మందం రెండు రకాలు, 50 మిల్లీమీటర్లు, 55 మిల్లీమీటర్లు. మోడల్ పేరు చెప్పి ఆర్డర్ పెట్టి, వచ్చాక నకిల్‌లో పట్టక తిప్పి పంపేవాళ్లు తక్కువేం కాదు. పట్టు కింద వెర్నియర్‌తో కొలిచి, డిక్కీలో స్టెప్నీ గుంతలో అంటించిన స్టిక్కర్ మీది పీఆర్ కోడ్‌లు (ఆ బండికి కంపెనీ ఏ రకం భాగాలు వేసిందో చెప్పే కోడ్‌లు) ఫోటో తీసి, రెండూ పంపి అడగండి.

నా షాక్ అబ్జార్బర్లలో ముందువి రెండూ చెమర్చాయి, బంప్ స్టాప్ (షాక్ అబ్జార్బర్ పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే దిమ్మ) పిండిలా రాలిపోయింది. వెనకవి పొడిగానే ఉన్నాయి. బిల్‌స్టీన్ బీ6 వేస్తే ఓఆర్‌ఆర్ మీద బండి అద్భుతంగా కూర్చుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అది గ్యాస్ మోనోట్యూబ్. 20, 30 స్పీడులో చిన్న చిన్న గతుకుల మీద గట్టిగానే ఉంటుంది. నేను రోజూ గడిపేది ఆ స్పీడులోనే కాబట్టి ఒరిజినల్ రకం సాక్స్ ట్విన్‌ట్యూబ్ వేశాను, ఎత్తు కంపెనీదే. కొత్త ట్విన్‌ట్యూబ్‌ని బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాలి. పడుకోబెట్టి తెచ్చిన దానిలో గాలి, ఆయిల్ కలిసిపోయి ఉంటాయి. మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపులు, దుమ్ము కవర్లు అన్నీ కొత్తవి. వెయ్యి రూపాయల రబ్బరు మిగుల్చుకుని మళ్లీ అదే స్ట్రట్ విప్పడం తెలివైన పని కాదు. పై నట్టుని గాలి గన్నుతో బిగించనివ్వకండి, లోపలి రాడ్డు గిర్రున తిరిగి సీలుని కోస్తుంది. యాంగిల్ టార్క్ పద్ధతిలో బిగించే బోల్టులు ఒకసారి సాగినవే, అవి కూడా కొత్తవి వెయ్యాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కువమంది వదిలేసేది. బుష్ అంటే లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒకటి, మధ్యలో రెంటికీ అతికిన రబ్బరు. బోల్టు బిగించాక లోపలి గొట్టం తిరగదు, రబ్బరే మెలిపడుతుంది. చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండి నేలమీదికి దిగగానే రబ్బరు అప్పటికే మెలిపడి ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడే సగం శక్తి అయిపోయిన రబ్బరు, గుంతలో దిగితే మిగతా సగం చిరిగిపోతుంది. పైగా ఆ మెలి స్ప్రింగ్‌లా పనిచేసి బండిని ఇంకా గట్టిగా చేస్తుంది. కొత్త బుష్‌లు వేసినా ఏడాదికే పోయాయి అనే ఫిర్యాదులో చాలాసార్లు సంగతి ఇదే.

అందుకే జాకీ పెట్టక ముందే, సమతలం మీద, నాలుగు చక్రాలకీ మధ్య బిందువు నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోవాలి. నాకు ముందు 37 సెంటీమీటర్లు వచ్చింది. పని అంతా అయ్యాక, ఆర్మ్ బోల్టులు వేళ్లతో బిగిసేంత వరకే ఉంచి, నకిల్ కింద ట్రాన్స్‌మిషన్ జాకీ పెట్టి, హబ్ మధ్య నుంచి ఫెండర్‌కి మళ్లీ 37 వచ్చేదాకా ఎత్తి, అప్పుడు టార్క్ రెంచ్ వెయ్యాలి. వెనకవైపు ఇలా ఎత్తేటప్పుడు బండి లిఫ్ట్ మీంచి లేచిపోకుండా డిక్కీలో బరువు పెట్టాల్సి వస్తుంది, మేం రెండు 25 కిలోల బియ్యం బస్తాలు వేశాం. ఒక్కో వైపు పది నిమిషాలు అదనం.

వెనక మల్టీలింక్‌లోనూ ఇదే నియమం. నా బండిలో మొదటిసారి వెనక లింకులు వేలాడుతుండగానే బిగించేశారు, నేను టీకి వెళ్లిన పావుగంటలో. తేడా టేపు చెప్పింది: బండి దింపాక వెనక 12 మిల్లీమీటర్లు ఎత్తుగా నిలబడింది. నాలుగు బోల్టులు వదులు చేసి, ఎత్తు కలిపి, మళ్లీ బిగించాక సర్దుకుంది. హెడ్‌లైట్ల లెవెల్ సెన్సార్‌కి సన్నటి రాడ్డొకటి సస్పెన్షన్ ఆర్మ్‌కి తగిలించి ఉంటుంది, అది ముందే ఊడదీసి పక్కన పెట్టాలి. మర్చిపోతే విరుగుతుంది.

అలైన్‌మెంట్ ఆఖరి పని. ముందు చక్రాలకి టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సర్దగలరు. క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలిన కోణం) రెండు వైపులా తేడాగా ఉంటే సబ్‌ఫ్రేమ్‌ని వదులు చేసి పక్కకి జరిపి సమానం చెయ్యాలి. వెనక మాత్రం క్యాంబర్‌కీ టోకీ వేర్వేరు ఎక్సెంట్రిక్ బోల్టులున్నాయి. వర్షాకాలాలు గడిచిన బండ్లలో అవి తుప్పుపట్టి బిగుసుకుంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పెట్టండి. "వెనక చక్రాలకి అలైన్‌మెంట్ ఉండదు సార్" అనే సెంటర్‌లోంచి బయటికి వచ్చెయ్యడమే. నా ప్రింటవుట్‌లో చివరికి ముందు మొత్తం టో 10 నిమిషాలు (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), వెనక క్యాంబర్ మైనస్ 1 డిగ్రీ 20 నిమిషాల చుట్టుపక్కల. స్టీరింగ్ మధ్యకి వచ్చాక యాంగిల్ సెన్సార్‌ని స్కానర్‌తో సున్నా చేయించాలి.

ఖర్చు, నడక

కింది భాగానికి నా బిల్లు, టైర్లు రిమ్ములు కాకుండా, దాదాపు 1.15 లక్షలు: ఆర్ములు, లింక్ రాడ్లు, ముందు స్ట్రట్లు, మౌంట్లు, కొత్త బోల్టులు, కూలీ, అలైన్‌మెంట్ కలిపి. డీఎస్‌జీ ఆయిల్, ఫిల్టర్ ఇంకో 22 వేలు. కొనే ధరలోనే ఇంచుమించు లక్షన్నర పక్కన పెట్టుకోలేకపోతే ఈ తరగతి బండి జోలికి పోవద్దనే చెబుతాను. చవగ్గా దొరికిన ఆర్‌ఎస్ అంటే ఆ లక్షన్నర ముందు ఓనరు పెట్టని బండి అని అర్థం.

జామ్‌లో బండిని బ్రేక్ మీద అంగుళం అంగుళం పాకించను. ముందు బండికి రెండు కార్ల ఖాళీ వచ్చాకే వదిలి, కదిలాక క్లచ్ పూర్తిగా పట్టుకునేలా నడిపి, మళ్లీ ఆగుతాను. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. స్పీడ్ బ్రేకర్‌ని బ్రేక్ తొక్కి ఉంచి ఎక్కకూడదు. బ్రేక్ మీద ముందు భాగం వంగి ఉంటుంది, సంపుకి మిగిలే ఎత్తు తగ్గిపోతుంది. దానికి ముందే వేగం చంపి, బ్రేక్ వదిలి ఎక్కాలి. పెట్రోల్ 95 ఆక్టేన్ పోయిస్తున్నాను. సిటీలో లీటరుకి 8, 9 కిలోమీటర్లు, ఓఆర్‌ఆర్ మీద 100 స్పీడు దగ్గర 14 దాకా.

పని అయిన 1,000 కిలోమీటర్లకి మళ్లీ లిఫ్ట్ ఎక్కించి బోల్టుల మీద పెట్టిన పెయింట్ గీతలు జరిగాయేమో చూశాను, జరగలేదు. 9,000 కిలోమీటర్ల దగ్గర కుడి లింక్ రాడ్ దుమ్ము రబ్బరు కాస్త పగిలింది, ఇంకా శబ్దం లేదు. వెనక షాక్ అబ్జార్బర్లు పాతవే ఉన్నాయి. 80 వేలు దాటాక, లేదా టైర్ల మీద గిన్నెల్లా అరుగుదల కనపడిన రోజున, వాటి మౌంట్లతో కలిపి మారుస్తాను.